పోటీ రోజు బిగుసుకుపోయే పిల్లలకు వీఆర్ హెడ్‌సెట్ పనిచేస్తుందా? తిరుపతి, చిత్తూరు వాళ్ల అనుభవాలు చెప్పండి

హర్డిల్స్_నాన్న (తిరుపతి)
మా అమ్మాయికి పదిహేడేళ్లు. వంద మీటర్ల హర్డిల్స్ పరుగెత్తుతుంది. గత ఏడాది ఒక పోటీలో పరుగు మొదలుకు పేల్చే తుపాకీ పేలకముందే కదిలిందని ఎర్ర కార్డు చూపించి పంపించేశారు. 2010 నుంచి నిబంధన అదే కదా, మొదటి తప్పుకే బయటికి. అప్పటి నుంచి సాధనలో చక్కగా లేస్తుంది, పోటీలో మాత్రం పక్కవాళ్లు నాలుగు అడుగులు వేశాక బ్లాకుల (మొదట్లో కాళ్లు ఆనించే దిమ్మెల) నుంచి కదులుతుంది. మొదటి హర్డిల్ 13 మీటర్ల దూరంలోనే ఉంటుంది. అక్కడ పోయింది ఇక తిరిగి రాదు. పోటీ ముందురోజు రాత్రి నిద్ర ఉండదు, పొద్దున ఇడ్లీ గొంతు దిగదు. కోచ్ గారికి తెలిసినవాళ్ల దగ్గర క్వెస్ట్ 2 అనే వీఆర్ హెడ్‌సెట్ ఉందట, కళ్లకు కట్టుకుంటే నిజంగా స్టేడియంలోనే ఉన్నట్టు చుట్టూ కనిపిస్తుందట, నెల రోజులు వాడుకోమంటున్నారు. దీంతో మనసు కుదుటపడుతుందా, లేక ఇదీ ఒక ఆటబొమ్మేనా? వాడినవాళ్లు చెప్పండి.

షటిల్_కపిలతీర్థం
ముందు వాంతుల సంగతి చెబుతాను సార్, ఎవరూ చెప్పరు కాబట్టి. మొదటి రోజు అన్నం తిన్న వెంటనే పెట్టుకుని అరగంట చూశాను. కన్నేమో కదులుతున్నావంటుంది, లోపలి చెవేమో కూర్చునే ఉన్నావంటుంది. ఆ ఇద్దరి గొడవలో కడుపు ఓడిపోయింది. క్వెస్ట్ 2లో కటకాల మధ్య దూరం మూడు స్థానాల్లో మార్చుకోవచ్చు. అది నా కళ్లకు సరిపోయేలా జరిపాక సగం ఇబ్బంది తగ్గింది. ఖాళీ కడుపుతో వద్దు, నిండు కడుపుతోనూ వద్దు, మొదట్లో పది నిమిషాలు చాలు. ఇంకో మాట, పెట్టుకుని పరుగెత్తనివ్వకండి. మా హాస్టల్ గోడకు నా మోచేతి గుర్తు ఇప్పటికీ ఉంది.

మెసానికల్_రైడర్ (చిత్తూరు)
నాది కబడ్డీ. మోకాలి లిగమెంటు తెగి, శస్త్రచికిత్స అయి, తొమ్మిది నెలల తర్వాత మ్యాట్ ఎక్కాను. కాలు బాగైంది, తల బాగవలేదు. ఎవరైనా చీలమండ వైపు చేయి చాస్తే చాలు, గీత తాకకుండానే వెనక్కి వచ్చేసేవాణ్ని. వీఆర్ నాకు సగమే ఉపయోగపడింది. మ్యాట్ మీదికి నడిచి వెళ్లడం, జనం అరుపు, ముప్పై సెకన్ల గడియారం, ఇవి కళ్ల ముందు నిలిచి గుండె దడ అలవాటైంది. కానీ కబడ్డీ భయం ఒంటి మీద ఉంటుంది. పట్టు తగలకుండా పట్టు భయం పోతుందా? అది మెసానికల్ మైదానంలో మావాళ్లు ముందు మెల్లగా, తర్వాత గట్టిగా పట్టుకుంటేనే పోయింది. హర్డిల్స్‌లో అలా మీదపడేవాళ్లు లేరు కాబట్టి మీ అమ్మాయికి నాకంటే బాగా పనిచేయవచ్చు.

సైకాలజీ_విద్యార్థిని
ఇది కొత్త విద్యేమీ కాదండీ. 1995లోనే అమెరికాలో బార్బరా రోత్‌బామ్ బృందం ఎత్తంటే భయపడే విద్యార్థులను కంప్యూటర్ సృష్టించిన వంతెనల మీద, లిఫ్టులో కొంచెం కొంచెంగా పైకి తీసుకెళ్లింది, భయం తగ్గింది. సూత్రం పాతదే. భయపెట్టేదాన్ని చిన్న మోతాదులో చూపించి, ఒళ్లు శాంతించేదాకా అక్కడే ఉండి, తర్వాతి మెట్టు ఎక్కడం. అందుకని మొదటి రోజే నిండు స్టేడియం, తుపాకీ మోత పెట్టేయకండి. ముందు ఖాళీ ట్రాకు, తర్వాత కొద్దిమంది జనం, తర్వాత ‘సెట్’ అన్నాక తుపాకీ పేలేదాకా ఉండే ఆ నిశ్శబ్దం. మీ అమ్మాయి భయం తుపాకీలో కాదు, ఆ నిశ్శబ్దంలో ఉందని నా అనుమానం. నాలుగు సెకన్లు ఊపిరి పీల్చి, ఆరు సెకన్లు వదలడం హెడ్‌సెట్ పెట్టుకోకముందే నేర్పండి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు.

ఇంకొకటి. క్రీడల్లో వీఆర్ పేరుతో వచ్చేవాటిలో చాలా భాగం ఆట నైపుణ్యం కోసం తయారైనవే, మనసు కోసం కాదు. నిద్ర, తిండి రెండూ పోయాయన్నారు. పోటీ లేని రోజుల్లో కూడా అలాగే ఉంటే ముందు మనిషితో మాట్లాడించండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

రిటైర్డ్_పీఈటీ (పలమనేరు)
ముప్పై ఏళ్లు పిల్లలను పరుగెత్తించాను. భయం ఉన్నవాణ్ని అలిపిరి మెట్లు ఎక్కించేవాణ్ని, గాలిగోపురం దాటేసరికి భయానికి ఊపిరి ఆడేది కాదు. ఇప్పుడు కళ్లకు డబ్బా కట్టి ధైర్యం తెప్పిస్తారా? షూటర్ అభినవ్ బింద్రా బీజింగ్ ఒలింపిక్స్‌కు ముందు నలభై అడుగుల స్తంభం ఎక్కాడు, 2008లో బంగారం తెచ్చాడు. స్తంభం నిజం, కాళ్ల వణుకు నిజం.

మెసానికల్_రైడర్ (చిత్తూరు)
మాస్టారూ, ఆ బింద్రాయే బంగారం తెచ్చాక లోపల అంతా ఖాళీ అయిపోయిందని బాహాటంగా చెప్పుకున్నాడు. అప్పుడు ఏ స్తంభం ఎక్కించాలి?

రిటైర్డ్_పీఈటీ (పలమనేరు)
సరే బాబూ, నీ మాట కొట్టిపారేయను. కానీ ఒక్కటి చెప్పు, హాంగ్జౌ ఆసియా క్రీడల వంద మీటర్ల హర్డిల్స్‌లో మన జ్యోతి యర్రాజీ సంగతి చూశావు కదా. పక్కన చైనా అమ్మాయి ముందే కదిలితే, ఈమెకూ కలిపి ఎర్ర కార్డు చూపించారు. వాదించింది, మళ్లీ పరుగెత్తింది, వెండి పతకం తెచ్చింది. ఆ నిబ్బరం డబ్బాలోంచి వచ్చిందా?

సైకాలజీ_విద్యార్థిని
రాలేదు మాస్టారూ. అయితే అలాంటి క్షణం ఎలా ఉంటుందో పదిహేడేళ్ల పిల్లకు ముందే రుచి చూపించగలిగితే తప్పేముంది? ఎర్ర కార్డు చూపించే దృశ్యం కూడా పెట్టవచ్చు, చివరి మెట్టుగా.

కెమెరా_కుర్రాడు
కొన్న యాప్‌లలో స్టేడియాలన్నీ విదేశాలవే. మన పిల్లకు మన మైదానం కావాలి. 360 డిగ్రీల కెమెరా అద్దెకు తెచ్చి తారకరామ స్టేడియంలో బ్లాకుల దగ్గర ఆమె తల ఎత్తులో పెట్టి తీయండి. అలాంటి వీడియోలో తల తిప్పి చూడవచ్చు కానీ నడవలేము. ఆమె ఎలాగూ కూర్చునే చూస్తుంది కాబట్టి చాలు. పాత ఫోను, అట్టపెట్టె కళ్లద్దాలతో కూడా అవుతుంది, బొమ్మ కాస్త మసక.

హర్డిల్స్_నాన్న (తిరుపతి)
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. కుర్రాడు చెప్పినట్టే వీడియో తీశాం, నేనే దగ్గరుండి తీయించాను. కోచ్ గారు చేతికి గుండె వేగం చూపించే గడియారం కట్టారు. ఖాళీ ట్రాకు బాగానే జరిగింది. జనం ఉన్నది కూడా, మూడో రోజుకే ఊపిరి కుదిరింది. ‘సెట్’ నిశ్శబ్దం ఆరు రోజులు పట్టింది. ఆఖరి వీడియో, అసలు పోటీలో తీసింది, పెట్టగానే గడియారంలో అంకె 82 నుంచి 120కి ఎగిరింది. నాలుగు రోజులు అంతే. తుపాకీ తగ్గించాం, జనాన్ని తగ్గించాం, మార్పు లేదు.

అయిదో రోజు హెడ్‌సెట్ తీసి తనే చెప్పింది. ‘జనంతో ఇబ్బంది లేదు నాన్నా. అందులో నీ గొంతు వస్తోంది.’ విని చూశాను. బ్లాకుల్లోకి దిగినప్పటి నుంచి ‘ఈసారి కదలకు తల్లీ, కదలకు’ అంటున్నది నేనే. నాకు అన్న గుర్తు కూడా లేదు.

వచ్చే పోటీకి వాళ్ల అమ్మ వెళుతుంది. నేను బయట టీ కొట్టు దగ్గర ఉంటాను. ఈలోగా ఆ వీడియోలో నా గొంతు తీసేయడం ఎలాగో ఎవరైనా చెబుతారా?

కెమెరా_కుర్రాడు
మొత్తం శబ్దం తీసేయకండి సార్, తుపాకీ కూడా పోతుంది. మీరు మాట్లాడిన ఆ నాలుగు సెకన్లు కోసి, అదే మైదానంలో ఉత్త జనం రొద అతికిస్తే సరిపోతుంది. పంపండి, నేను చేసిస్తాను.

హర్డిల్స్_నాన్న (తిరుపతి)
నాలుగు సెకన్లు కాదు బాబూ. తొంభై సెకన్ల వీడియోలో నలభై నేనే ఉన్నాను.