పొద్దున టిఫిన్: పిల్లలకి బొమ్మలు చేసి పెట్టాలా, పెట్టింది తినమనాలా?

ఏడుంబావు_బస్సు
మాది నిజాంపేట. బాబు రెండో తరగతి, పాప యూకేజీ. బస్సు ఏడుంబావుకి గేటు దగ్గరికొస్తుంది, అరనిమిషం కూడా ఆగదు. పోయిన నెల ఒకరోజు పాప ఏడుస్తుంటే ఊరుకోబెడదామని దోసెని ఎలుగుబంటి ముఖంలా పోశాను. పెద్దది ఒకటి, చెవులకి చిన్నవి రెండు, కళ్లకి కిస్‌మిస్‌లు. అంతే, మర్నాటి నుంచి రోజుకో జంతువు కావాలి. మొన్న సోమవారం ఏనుగు అడిగింది, తిప్పేటప్పుడు తొండం పెనం మీదే ఊడిపోయింది, తొండం లేని ఏనుగుని తినను అని ఏడుపు, ఈలోపు బస్సు వెళ్లిపోయింది, మా ఆయన స్కూటీ మీద దింపొచ్చారు. వచ్చాక "నువ్వే అలవాటు చేశావు, నువ్వే మాన్పించు" అన్నారు. మా అత్తగారు అదే మాట ఇంకొంచెం పెద్ద గొంతుతో అన్నారు. కానీ బొమ్మ చేసిన రోజు ప్లేటు ఖాళీ, చేయని రోజు రెండు ముక్కలు కొరికి లేచిపోతుంది. మరి ఎలా మానను? ఇలా ముచ్చటపడి చేయడం తప్పా? గోల లేకుండా గబగబా అయ్యేవి ఏమైనా ఉంటే అవీ చెప్పండి.

పెట్టిందే_పరమాన్నం
తప్పే. మేం నలుగురం పిల్లలం. అమ్మ పెద్ద గిన్నెలో ఆవకాయన్నం కలిపి వరసగా ముద్దలు పెట్టేది, మన వంతు వచ్చినప్పుడు నోరు తెరవాలి, లేకపోతే ముద్ద పక్కవాడికి పోయేది. ఇవాళ ఏనుగు, రేపు డైనోసార్. ఒక్క వారం గట్టిగా ఉండండి, ఆకలేస్తే అదే తింటుంది.

ఉప్మా_బాధితుడు
అలా గట్టిగా ఉన్న ఇంట్లోనే నేను పెరిగాను సార్. మా నాన్నగారు ప్లేటు ఖాళీ అయ్యేదాకా లేవనిచ్చేవారు కాదు. బొంబాయి రవ్వ ఉప్మా చల్లారితే ఎలా ఉంటుందో మీకు తెలుసా? కేకులా గట్టిపడుతుంది, స్పూనుతో కోస్తే ముక్కకి ముక్క వస్తుంది, మధ్యలో కరివేపాకు అతుక్కుని ఉంటుంది. ఇప్పుడు నాకు 38 ఏళ్లు, ఎవరింటికైనా వెళ్తే పోపు వాసన రాగానే "మేం తినేసి వచ్చామండీ" అంటాను. ఆకలేస్తే తింటారు, నిజమే. తర్వాత జన్మంతా తినరు.

నైట్‌షిఫ్ట్_నాన్న
మా ఆవిడ నర్సు, ఆరింటికల్లా డ్యూటీకి బయల్దేరుతుంది. నేను రాత్రి షిఫ్ట్ ముగించి ఐదున్నరకి ఇల్లు చేరతాను. ఇద్దరు పిల్లల్ని లేపడం, స్నానం, రెండు జడలు (అవును, నేనే వేస్తాను), అన్నీ అయ్యాక టిఫిన్. వారంలో మూడు రోజులు చాకో ప్యాకెట్ చించి పాలు పోసి ఇస్తాను. మిగతా రోజులు రాత్రి మిగిలిన చపాతీ. పెనం మీద గుడ్డు కొట్టి, పచ్చసొన పగలగొట్టి పరిచి, అది ఆరకముందే చపాతీ దానిమీద బోర్లించి నొక్కితే అతుక్కుంటుంది. తిప్పి, చుట్టి, అడుగున టిష్యూ పేపర్ కట్టి చేతిలో పెడితే లిఫ్టులో తినేస్తారు. మూడు నిమిషాల పని. ప్యాకెట్ గురించి క్లాసు పీకేవాళ్లు ఒక్కరోజు మా ఇంటికొచ్చి జడలు వేసి చూపించండి, తర్వాత మాట్లాడుకుందాం.

తార్నాక_తరుణి
జడల విషయంలో దండం మీకు. చపాతీ గుడ్డు బంగారం లాంటి టిఫిన్, ఒక్క గుడ్డులోనే 6 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. కానీ ఆ చాకో ప్యాకెట్ వెనక చక్కెర లెక్క ఒకసారి చూడండి. మా ఇంట్లో ఉన్నదానిమీద 100 గ్రాములకి 28 గ్రాములని ఉంది. అంటే చిన్న కప్పు, 30 గ్రాములు పెట్టినా సుమారు రెండు చెంచాల పంచదార. పాలలో కలిపే చాక్లెట్ పొడులదీ అదే కథ, 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖే ఆన్‌లైన్ అమ్మకందార్లకి వాటిని "హెల్త్ డ్రింక్స్" విభాగంలోంచి తీసేయమని చెప్పింది. వాటి బదులు రాగిజావ పెట్టండి. మా వీధి చివరే జాతీయ పోషకాహార సంస్థ, వాళ్ల 2017 పట్టికలో రాగుల్లో కాల్షియం 100 గ్రాములకి 364 మిల్లీగ్రాములు, తెల్లబియ్యంలో పట్టుమని 10 కూడా లేదు.

నైట్‌షిఫ్ట్_నాన్న
రాగిజావ మా చిన్నదాని నోట్లోకి వెళ్లిన స్పీడుకి రెట్టింపు స్పీడుతో బయటికొచ్చింది మేడమ్, అదీ తెల్ల యూనిఫామ్ మీద.

ఉప్మా_బాధితుడు
364 అన్నది వంద గ్రాముల పిండికి. పిల్లల గ్లాసు జావలో పడేది రెండు చెంచాలు, మహా అయితే 20 గ్రాములు. అంటే 70 చిల్లర. అదే ఒక గ్లాసు పాలలో అంతకి మూడింతలు ఉంటుంది. రాగులు మంచివే, కాదనను, కానీ జావ తాగకపోతే పిల్ల ఎముకలు విరిగిపోతాయన్నట్టు తల్లులకి టెన్షన్ పెట్టకండి.

తార్నాక_తరుణి
విరిగిపోతాయని నేనెక్కడన్నాను? ఆ పిండే దోసెల పిండిలో రెండు గరిటెలు కలిపితే చాక్లెట్ రంగు వస్తుంది, చాకో అడిగే పిల్లలు అది తింటారు. మీకు ఉప్మా మీదున్న కోపం రాగుల మీద తీర్చుకోకండి.

మల్కాజిగిరి_మామ్మ
నాకు ముగ్గురు మనవలు, ముగ్గురికీ పొద్దున నేనే తినిపిస్తాను. ఏడుంబావు తల్లీ, నీ బిడ్డకి బొమ్మ కావాలనుకుంటున్నావు గానీ దానికి కావల్సింది కథ. మా చిన్నోడు పెసరట్టు ముట్టేవాడు కాదు, పచ్చగా ఉందని. దానికి "చిలకట్టు" అని పేరు పెట్టాను, చిలక తినే అట్టు అని. అదే పిండి, అదే పెనం, అదే గుండ్రం. ఇప్పుడు రెండు తింటున్నాడు, రెండో దానికి ముందు "కిర్రు" అని ఒకసారి అరుస్తాడు. పైగా పెసలకి పులిసే పని లేదు. డిసెంబర్‌లో మన హైదరాబాద్ చలికి ఇడ్లీ పిండి తెల్లారినా పొంగదు, పెసలు రాత్రి నానబెట్టి పొద్దున అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బుకుంటే సరిపోయె.

ఇంకొకటి, మలీద. సద్దుల బతుకమ్మకి చేసుకుంటాం చూడు, అది పండక్కే చేయాలని రూలేం లేదు. రాత్రి మిగిలిన రొట్టెలు తుంచి మిక్సీలో రెండు తిప్పులు తిప్పి, బెల్లం తురుము, యాలకుల పొడి, గోరువెచ్చటి నెయ్యి వేసి, చెయ్యి వేడికి బెల్లం కరిగేదాకా పిసికి ముద్ద కట్టు. రాత్రే కట్టి పెట్టుకున్నా పొద్దుటికి బాగుంటాయి. బస్సులో చేతిలో పట్టుకుని తినచ్చు, కారదు, అంటదు.

పెట్టిందే_పరమాన్నం
మామ్మగారూ, బెల్లం కూడా చక్కెరే కదా. ప్యాకెట్‌లో ఉంటే విషం, మలీదలో ఉంటే సంప్రదాయమా?

మల్కాజిగిరి_మామ్మ
రోజూ పెట్టమన్నానా నాయనా? వారానికోసారి. నిమ్మకాయంత ముద్దలో చెంచాడు బెల్లం పడుతుంది. నువ్వు తిన్న ఆవకాయన్నంలో ఉప్పెంతో నేను లెక్కపెట్టలేదు కదా.

ఒకటో_తరగతి_టీచర్
ఇంతసేపూ చదివాను, ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ పాపని ఎన్నింటికి లేపుతున్నారు? ఆరున్నరకి లేచిన పిల్లకి ఆరూ నలభై అయిదుకి ఆకలెలా వేస్తుందండీ? మనకే వేయదు. నా క్లాసులో పదేళ్లుగా చూస్తున్నాను, మొదటి పీరియడ్‌లో నిద్రపోయేది తినని పిల్లలు మాత్రమే కాదు, నిద్రకళ్లతో ఉన్నప్పుడు నోట్లో పొంగల్ కుక్కించుకుని వచ్చినవాళ్లు కూడా. గ్లాసుడు పాలు గటగటా తాగించి బస్సెక్కిస్తే మలుపు మలుపుకీ కడుపులో తిప్పి, బడి గేటు దగ్గర వాంతి. ఆయాలు సంచిలో ఒక జత బట్టలు ఎందుకు పెట్టుకుంటారనుకున్నారు?

ఇంట్లో నాలుగు ముద్దలు చాలు. మిగతాది స్నాక్స్ డబ్బాలో పెట్టండి, మాకు తొమ్మిదిన్నరకి బ్రేక్, అప్పటికి నకనకలాడుతూ తింటారు, పక్కవాళ్ల డబ్బా చూసి ఇంకొంచెం ఎక్కువే తింటారు. నెయ్యి, కారప్పొడి రాసిన చిన్న ఇడ్లీలు, అటుకుల పోపు, ఏవైనా సరే. దయచేసి చట్నీ మాత్రం పెట్టకండి. కొబ్బరి చట్నీలో నానిన తెలుగు వాచకం నుంచి పాఠం చెప్పే యోగం మీకెవరికీ పట్టకూడదు.

ఖట్టా_కావాలి
టోలిచౌకి నుంచి సలాం. మాకు ఈ గొడవే లేదు. మసూర్ పప్పు, బియ్యం, పసుపు, లవంగం, చెక్క రాత్రే కడిగి, కొలిచి కుక్కర్ పక్కన పెట్టుకుంటుంది మా అమ్మీ, పొద్దున మూడు విజిల్స్, ఖిచిడీ రెడీ. నువ్వులు, చింతపండు ఖట్టా ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది. కీమా మాత్రం ఆదివారమే. పిల్లలు ఖిచిడీ మధ్యలో గుంట చేసి ఖట్టా పోసి "చెరువు" అంటారు, గట్టు తెగకుండా తినాలని పందెం. మేమెవరం నేర్పలేదు. టీచరమ్మ మాట నిజమే, మా తమ్ముడు కూడా లేచిన అరగంట దాకా చెయ్యి కడగడు.

పెట్టిందే_పరమాన్నం
చెరువంటే గుర్తొచ్చింది, మేమూ పప్పన్నానికి అలాగే గట్లు కట్టేవాళ్లం. సరే, ఆ మాటకొస్తే మా అమ్మ ఒక్కో ముద్దనీ ఒక్కో చుట్టం పేరు చెప్పి పెట్టేది. పెద్దమ్మ ముద్ద, బాబాయి ముద్ద అని. బొమ్మ కాకపోయినా అదీ ముచ్చటే అంటారేమో. అయినా తొండం కోసం బస్సు తప్పడం మాత్రం నేను ఒప్పుకోను.

ఉప్మా_బాధితుడు
అందరూ ఆవిడకే సలహాలిస్తున్నారు గానీ ఆరున్నర నుంచి ఏడుంబావు దాకా ఆ "నువ్వే మాన్పించు" అన్నాయన ఎక్కడుంటారో అడగండి. నైట్‌షిఫ్ట్ గారు జడలు వేస్తున్నారు ఇక్కడ.

ఏడుంబావు_బస్సు
హహ, ఆయన బాబు బూట్లకి పాలిష్ పెడుతూ ఉంటారండీ, పావుగంట. ఆ పోస్ట్ ఆయనకి చూపించాను, ఏమీ అనలేదు, కానీ నిన్న రాత్రి పెసలు ఆయనే నానబోశారు.

టీచర్ గారు చెప్పినట్టు ఇవాళ పది నిమిషాలు ముందు లేపి, వరండాలో కాసేపు తిరగనిచ్చాను. మాకు గుంతపొంగణాల పెనం ఉంది, ఏడు గుంతలది, పెళ్లికి ఎవరో ఇచ్చారు, ఇన్నాళ్లూ అటక మీదే. దాంట్లో పెసర పిండి పోసి, క్యారట్ తురుము జల్లి మూత పెట్టాను. స్టవ్ కట్టేశాక పెనం కిందికి దించి, ఆయన చెయ్యి పట్టుకుని చూపిస్తే పుల్లతో పాపే రెండు తిప్పింది (మామ్మగారూ కంగారు పడకండి, పెనం దాన్ని తాకలేదు). చిలక గుడ్లు అని పేరు కూడా అదే పెట్టుకుంది. ఒకటి కింద పడింది, నాలుగు తింది, మూడు డబ్బాలో పెట్టమంది. తొండం ప్రసక్తే రాలేదు. బస్సు ఇవాళ ఏడూ ఇరవైకి వచ్చింది, రోజూ ఇలా వస్తే అసలు ఈ పోస్టే పెట్టేదాన్ని కాదు.

బాబు మాత్రం ఇవేవీ వద్దు, ఉప్మా చెయ్యమన్నాడు. చల్లారినా పర్లేదట.

ఉప్మా_బాధితుడు
ఆ బాబుని ఒకసారి డాక్టర్‌కి చూపించండి.