వేప ఎండు తెగులు: ఇంటి పెరట్లోని చెట్టుపై గ్రామ పంచాయతీకి అధికారం ఉండాలా?

మానేరు తీరం (చర్చ ప్రారంభం):

మాది కరీంనగర్ జిల్లాలోని ఒక గ్రామం. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు కొసల నుంచి మాడిపోయినట్టు ఎండుతూ వచ్చిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఏదో అరిష్టమని అప్పట్లో చాలామంది భయపడ్డారు. ఇది ఫోమాప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులని, లేత చిగుళ్ల రసం పీల్చే టీ దోమ చేసే గాయాలు దానికి తోడవుతున్నాయని వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వివరించారు. ఆ తర్వాత కూడా మా ఊళ్లో వానలు వెనుకబట్టే వేళకు ఈ తెగులు మళ్లీ కనిపిస్తూనే ఉంది.

నిరుడు బొడ్రాయి దగ్గరి మూడు చెట్లకు పంచాయతీ వారు ఎండుకొమ్మలు కొట్టించి, పాదుల్లో మందు పోయించారు. వాటి పక్కనే ప్రహరీ లోపల ఉన్న నాలుగో చెట్టు జోలికి మాత్రం యజమాని రానివ్వలేదు. ఈ ఏడు ఆ చెట్టుతోపాటు బయటి మూడింటిలో రెండు కూడా కొసల్లో గోధుమరంగుకు తిరిగాయి. అందుకే వచ్చే గ్రామసభలో ఒక తీర్మానం పెట్టాలనుకుంటున్నాను. తెగులు కనబడిన చెట్టు ఎవరి స్థలంలో ఉన్నా, యజమాని పదిహేను రోజుల్లో ఎండుకొమ్మలు తీయించి మందు కొట్టించాలి. లేనిపక్షంలో పంచాయతీయే ఆ పని చేయించి, ఖర్చును ఇంటిపన్నుతో కలిపి వసూలు చేయాలి. ఇది న్యాయమేనా, ఆచరణలో నిలుస్తుందా అన్నది పెద్దలు చెప్పాలని కోరుతున్నాను.

తేనెపట్టు:

నేను ఈ ప్రతిపాదనను వ్యతిరేకిస్తున్నాను. కొమ్మలు తీయించడం గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మందు సంగతి చూడాలి. నలభై అడుగుల వేపచెట్టుకు కింద నిలబడి పవర్ స్ప్రేయర్‌తో పిచికారీ చేస్తే ఆకుకు అంటేది కొంత, గాలికి కొట్టుకుపోయి పక్కింటి నీళ్ల తొట్టిలోనూ మిద్దె మీద ఆరబోసిన వడియాల మీదా పడేది కొంత. ఈ తెగులుకు మన ప్రాంతంలో ఎక్కువగా సూచించిన మందులు కార్బండజిమ్, థయోఫనేట్ మిథైల్, దోమకు ప్రొఫెనోఫాస్. వీటిలో మొదటి రెండూ 2020 మే నెలలో కేంద్ర ప్రభుత్వం నిషేధించదలచి ప్రకటించిన 27 మందుల ముసాయిదా జాబితాలో ఉన్నాయి. తుది నిషేధంలో అవి చేరలేదన్న మాట నిజమే, కానీ అంత సందేహం కలిగిన మందును పిల్లలు ఆడుకునే వాకిట్లో కొట్టించుకోవలసిందేనని పంచాయతీ శాసించడం నాకు అంగీకారం కాదు.

నాకు పది తేనెటీగల పెట్టెలు ఉండేవి. పొరుగు చేనులో ప్రొఫెనోఫాస్ కొట్టిన మర్నాడు ఉదయం వెళ్లి చూస్తే, ప్రతి పెట్టె ద్వారం ముందూ ఈగలు నాలుకలు బయటపెట్టి కుప్పలుగా పడి ఉన్నాయి. కొన్ని ఇంకా గిరగిర తిరుగుతున్నాయి. ఆ దృశ్యం చూసినవాడిగా చెబుతున్నాను, ఊరి నడుమ ఉన్న చెట్టుకు ఆ మందు వద్దు. ఉగాది పచ్చడికి పువ్వు కోసుకునేది, పొద్దున్నే పళ్లు తోముకోవడానికి పుల్ల విరుచుకునేది ఆ చెట్ల నుంచే. పైగా 2021లో ఎండిన చెట్లలో అత్యధిక భాగం ఏ మందూ లేకుండానే వేసవికి మళ్లీ చిగురించాయి.

విశ్రాంత కార్యదర్శి:

ఇద్దరి మాటల్లోనూ బలం ఉంది. ముప్పై ఏళ్లు పంచాయతీ కార్యదర్శిగా పనిచేసినవాడిగా నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను, కొంచెం పెద్దదవుతుంది, మన్నించాలి.

మొదట చట్టం సంగతి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రతి గ్రామంలో నర్సరీ పెట్టమంది, నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతికించే బాధ్యతను సర్పంచి మీదా కార్యదర్శి మీదా పెట్టింది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం వచ్చిన వాల్టా చట్టం, 2002 అనుమతి లేకుండా చెట్టు నరకకూడదంటుంది. అంటే మొక్కను నాటడానికి ఒక చట్టం ఉంది, చెట్టును నరకడానికి ఒక చట్టం ఉంది. ఈ రెండింటి నడుమ చెట్టు బతికినన్ని ఏళ్లలో దానికి జబ్బు చేస్తే ఎవరు చూడాలన్నది మాత్రం ఎవరి విధుల్లోనూ స్పష్టంగా లేదు. రోజూ నీళ్ల ట్యాంకరుతో వెళ్లే ట్రాక్టరు డ్రైవరును నిరుడు నాటిన మొక్కలు ఎన్ని బతికాయని అడిగితే లెక్క చెబుతాడు. బొడ్రాయి దగ్గరి ముసలి వేప ఆ లెక్కలో ఎక్కడా ఉండదు.

పాత మద్రాసు రాష్ట్రంలో 1919లోనే వ్యవసాయ తెగుళ్ల చట్టం ఒకటి వచ్చింది. ప్రభుత్వం ఒక పురుగునో తెగులునో ప్రకటించి, నివారణ చర్యలు నిర్దేశిస్తే, భూమి అనుభవిస్తున్నవారు వాటిని చేసి తీరాలి. చేయకపోతే అధికారి చేయించి ఖర్చు రాబట్టవచ్చు. మానేరు తీరం గారు అడుగుతున్నది దాదాపు ఇదే. అయితే అది ఆంధ్ర ప్రాంతానికి వర్తించిన చట్టం, అందులోనూ తెగులును ప్రకటించే అధికారం ప్రభుత్వానిదే. చట్టంలో ఆధారం లేకుండా ఆ ఖర్చును గ్రామసభ తీర్మానం ఒక్కదానితో వసూలు చేస్తే, ఎవరైనా ప్రశ్నించిన రోజున అది నిలవదు. కాబట్టి ఖర్చును ఇంటిపన్నులో కలిపే వాక్యాన్ని తీసివేయండి.

ఇక అసలు విషయం. మీ తీర్మానంలో గడువు తప్పు చోట ఉంది. తెగులు కనబడిన పదిహేను రోజుల్లో అంటున్నారు. కనబడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. అప్పటికే శిలీంధ్రం చిగుళ్లలోకి దిగిపోయి ఉంటుంది. నిరుడు ఎండి చెట్టు మీదే ఉండిపోయిన పుల్లనొకదాన్ని వానాకాలంలో విరిచి దగ్గరగా చూడండి, బెరడు మీద ఆవగింజ కంటే చిన్న నల్లటి చుక్కలు పొడుచుకొని వచ్చి ఉంటాయి. వాన తడి తగిలినప్పుడు సిద్ధబీజాలు, అంటే శిలీంధ్రాన్ని వ్యాపింపజేసే సూక్ష్మమైన కణాలు, బయటికొచ్చేది వాటిలోంచే. అవి వాన తుంపరతో, గాలితో కొత్త చిగురుకు చేరతాయి. కాబట్టి పుల్లలు తీయవలసింది వానలకు ముందు, మే నెలలో. ఆ వేళకు చెట్టు నిండా పచ్చని ఆకు ఉంటుంది గనుక, ఎండిన కొమ్మలు బోడిగా విడిగా కనబడతాయి, పనివాడు పొరపాటు పడడు. ఎండిన చోటుకు జానెడు కిందుగా, పచ్చి కొమ్మలో కోయాలి. చెట్టు మారినప్పుడల్లా రంపాన్ని స్పిరిటుతో తుడవాలి. తీసిన పుల్లలను కట్టెల మోపుగా ఇంటి వెనక దాచకుండా వెంటనే కాల్చేయాలి. మా ఊళ్లో ఈ చివరి పని జరగక, మిగతా పనులన్నీ వృథా అయ్యాయి.

ఇంకొక సంగతి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఈ శిలీంధ్రం విత్తనం ద్వారా కూడా వ్యాపిస్తుంది. జూన్, జూలై నెలల్లో పండ్లు రాలుతాయి. వేపగింజ కొన్ని వారాల్లోనే మొలకశక్తి కోల్పోతుంది కాబట్టి, దొరికిన చెట్టు కింద దొరికిన గింజను ఆదరాబాదరాగా ఏరి నర్సరీ సంచుల్లో వేస్తాం. నేనూ అలాగే చేయించాను. ఆ మొక్కలనే ఇంటింటికీ పంచాం. పెరటి యజమాని మీద నియమం పెట్టే ముందు పంచాయతీ తన నర్సరీ మీద పెట్టుకోవాలి: మూడేళ్లుగా తెగులు లేని చెట్లను గుర్తించి, రంగు వేసి, వాటి గింజ మాత్రమే వాడాలి.

తెగులు పేరు చెప్పి చెట్టును మొదలంటా నరికి సామిల్లుకు తోలినవారినీ చూశాను. తీర్మానంలో ఎండుకొమ్మలు అన్న మాట తప్ప చెట్టు తొలగింపు అన్న మాట ఎక్కడా రాకుండా చూసుకోండి.

టాంపా తెలుగు:

నేను ఫ్లోరిడాలో ఉంటున్నాను. బలవంతం ఎంతవరకు అన్న ప్రశ్నకు ఇక్కడి అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను. 1995లో మయామి ప్రాంతంలో నిమ్మజాతి చెట్లకు గజ్జి తెగులు కనబడింది. కొన్నేళ్లకు ప్రభుత్వం, తెగులు ఉన్న చెట్టు చుట్టూ 1,900 అడుగుల లోపల ఉన్న నిమ్మజాతి చెట్లన్నింటినీ, ఆరోగ్యంగా ఉన్నవాటితో సహా, ఇళ్ల పెరళ్లలోకి వెళ్లి కొట్టించింది. ప్రజలు కోర్టులకు వెళ్లారు. 2004, 2005 సంవత్సరాల తుపానులు తెగులును మరింత దూరం మోసుకుపోయాయి. చివరికి 2006 జనవరిలో నిర్మూలన కార్యక్రమాన్నే విరమించారు. పరిహారం కేసులు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి నడిచాయి. గాలీ వానా మోసుకెళ్లే తెగులును ప్రహరీ దాటి వెళ్లే అధికారంతో ఆపగలమనుకోవడం ఎంత కష్టమో ఇక్కడివారికి బాగా తెలుసు.

తేనెపట్టు:

విశ్రాంత కార్యదర్శి గారూ, మే నెలలో ఎండుకొమ్మలు తీయడం తప్పనిసరి చేస్తే నాకు అభ్యంతరం లేదు, మందు మాత్రం యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే, అదీ పూత లేని కాలంలో, పాదులో పోయడం వరకే ఉండాలి. అయితే ఒక్క మాట. మా వాడలో వేపగింజలు ఏరి అమ్ముకుని ఆ నెల మందుబిళ్లలు కొనుక్కునే ఒంటరి వృద్ధురాలు ఒకామె ఉన్నారు. పెద్ద చెట్టు ఎక్కి కొమ్మలు తీసే మనిషికి ఇచ్చే కూలి ఆమె మొత్తం గింజల రాబడి కంటే ఎక్కువ. ఆమెకు తప్పనిసరి అని నోటీసు ఇవ్వడం ఎలా న్యాయం?

విశ్రాంత కార్యదర్శి:

న్యాయం కాదు. మొక్కల పెంపకానికి కేటాయించే హరిత బడ్జెటు కింద పంచాయతీ వద్ద ఏటా డబ్బు ఉంటుంది. దానిలోంచి ఒక చెట్లెక్కే మనిషిని, ఒక రంపాన్ని మే నెలంతా ఊరంతటికీ పెట్టడం పెద్ద ఖర్చు కాదు. యజమాని విధి తలుపు తీయడం వరకే ఉంచండి.

మానేరు తీరం:

అందరికీ కృతజ్ఞతలు. తీర్మానాన్ని మార్చి రాశాను. మే 1 నుంచి 31 వరకు పంచాయతీ ఖర్చుతో, రోడ్డు మీదివైనా పెరటివైనా, ఎండుకొమ్మలు తీయించడం. అదే రోజు సాయంత్రం చెత్త యార్డు దగ్గర కాల్చడం. నర్సరీకి రంగు వేసిన చెట్ల గింజ మాత్రమే వాడడం. రసాయన మందు యజమాని సంతకం ఉంటేనే వాడడం. చెట్టు నరకడం ఈ తీర్మానం పరిధిలోకి రాదని స్పష్టంగా రాయడం. ఖర్చును ఇంటిపన్నుతో కలిపి వసూలు చేసే వాక్యం తీసివేశాను.

నాలుగో చెట్టు యజమానికి ఈ ఉదయం చదివి వినిపించాను. మందు లేదంటే తలుపు తీస్తానన్నారు. ఇక మిగిలింది పోచమ్మ గుడి వేప. ఊరిలో అన్నిటికంటే ఎక్కువగా ఎండిన చెట్టు అదే, దాని మీద రంపం పెట్టడానికి ఎవరూ ముందుకు రావడం లేదు. మీ ఊళ్లలో గుడి చెట్టుకు ఎండుకొమ్మలు తీయించినవారుంటే, ఎవరిని అడిగి, ఏ రోజున, ఎలా చేయించారో దయచేసి రాయండి.