స్విచ్ బోర్డు పక్కన కందిరీగ మట్టి గూడు, లోపల కదులుతున్న సాలీళ్లు. ఉంచాలా, తీసేయాలా?

కౌశిక గట్టు:
నమస్తే అండి. మాది అయినవిల్లి పక్కన చిన్న ఊరు. వీధి గదిలో స్విచ్ బోర్డు పక్కన రెండు వారాల నుంచి ఒక కందిరీగ మట్టి తెచ్చి గూడు కడుతోంది, ఇప్పటికి పిడికెడు ముద్దయింది. నిన్న బూజు దులుపుతుంటే కర్ర తగిలి ఒక గది మూత ఊడింది. లోపల ఆకుపచ్చవీ బూడిదరంగువీ బుల్లి సాలీళ్లు ఒకదాని మీద ఒకటి కుక్కి ఉన్నాయి, లెక్కపెడితే పదకొండు. చచ్చాయనుకుని అగ్గిపుల్లతో కదిపితే రెండు మూడు కాళ్లు ముడుచుకున్నాయి! అడుగున ఉన్న సాలీడు పొట్టకి తెల్లగా బియ్యపు నూక లాంటిది అంటుకుని ఉంది.

ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది, నా టెన్షన్ అదే. పోయినేడు మా కొబ్బరితోటలో దింపు తీస్తుంటే (కాయలు కోస్తుంటే) కందిరీగలు లేచి చెట్టెక్కినతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సొచ్చింది, నేను అక్కడే ఉన్నాను. స్ప్రే కొట్టేద్దామంటే అమ్మ ఒప్పుకోదు, అది గూడు కడితే ఇంట్లో శుభం జరుగుతుంది అంటుంది. నాయనమ్మేమో పురుగుని తెచ్చిపెట్టి చుట్టూ జుమ్మని తిరిగితే ఆ పురుగే కందిరీగ అయిపోతుంది అంటుంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జువాలజీ మాస్టారు:
స్ప్రే వద్దండి, దయచేసి. మీ తోటలో కుట్టినదీ ఇదీ ఒకటి కాదు. ఇది ఒంటరి కందిరీగ, దీనికి రాణీ లేదు, కాపలా కాసే గుంపూ లేదు. ఒక్క తల్లే కాలువ గట్టు మీదో బోరింగు దగ్గరో తడిమట్టిని ఉండ చేసి మోసుకొస్తుంది. నల్లటి ఒళ్లు, దారంలాంటి పసుపు నడుము ఉంటే దాని శాస్త్రీయ నామం స్కెలిఫ్రాన్ మద్రాస్పటానం. 1781లో ఫాబ్రిషియస్ అనే కీటక శాస్త్రవేత్త పెట్టిన పేరు, మన మద్రాసు అందులోనే ఉంది చూడండి. చేత్తో నొక్కితేనో, బట్టల్లో ఇరుక్కుంటేనో తప్ప ఇది మనుషుల జోలికి రాదు.

సాలీళ్ల సంగతి. దాని విషం చంపదు, నరాలను పట్టేస్తుంది. ఊపిరి ఉంటుంది, నడక ఉండదు. మన డెల్టా ఉక్కలో చచ్చిన సాలీడు ఎన్నాళ్లు నిలవ ఉంటుంది చెప్పండి? పిల్ల తినేదాకా తాజాగా ఉండాలంటే అది బతికే ఉండాలి. మీరు చూసిన నూక గుడ్డు. సాధారణంగా మొదట తెచ్చిన సాలీడు మీదే పెడుతుంది, పైన మిగతావి నింపి మూత వేసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వాటన్నిటినీ తిని, గోధుమరంగు కాగితం లాంటి గూడు అల్లుకుని, పెద్దయ్యాక మట్టిని కొరికి బయటికొస్తుంది. గూటికి గుండ్రటి చిల్లులు పడ్డాక తీసేయండి, అంతవరకు ఆగండి. ఊడిన గది ఇక నిలవదు, మిగతావి బాగానే ఉంటాయి.

దింపు సీజన్:
మాస్టారు చెప్పింది కరెక్టే, కానీ తోట సంగతి వేరు, అది తేలిగ్గా తీసుకోకండి. మట్టల మధ్య కాగితం లాంటి గూడు కట్టేవి గుంపుగా ఉంటాయి. ఇంకా ప్రమాదం పొట్ట మీద పసుపు పట్టీ ఉండే పెద్ద కందిరీగలు. ఒకదాన్ని నలిపితే ఆ వాసనకి మిగతావన్నీ లేస్తాయి. తేనెటీగ లాగా ముల్లు వదిలెయ్యవు కాబట్టి ఒక్కటే నాలుగైదు సార్లు కుడుతుంది. కుట్టిన చోట చల్లటి గుడ్డ పెట్టండి. పెదాలు వాచినా, ఆయాసం వచ్చినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, లేదా ఒకేసారి చాలా కుట్టినా పసరులూ సున్నాలూ అంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అలాగని కందిరీగ జాతి మొత్తాన్ని తిట్టుకోలేం. నల్లతల గొంగళి మట్టల్ని ఎండబెట్టేస్తుంటే అంబాజీపేట పరిశోధన స్థానం వాళ్లు పెంచి ఇచ్చే బదనికలు (పురుగుల మీద పెరిగి వాటిని చంపేవి) ఏమిటనుకున్నారు, అవీ చీమంత కందిరీగలే. గోనియోజస్ అనేది గొంగళిని కుట్టి, దాని ఒంటి మీద గుడ్లు పెట్టి, పిల్లలు ఎదిగేదాకా పక్కనే కాపలా కూర్చుంటుంది. 2016లో మన దేశంలో బయటపడ్డ సర్పిలాకార తెల్లదోమ మీదా అంతే, ఎన్‌కార్సియా అనే నలుసు దాని పిల్లల లోపల పెరిగి గుండ్రంగా చిల్లు పెట్టుకుని వస్తుంది. ఆకు అడుగున చిల్లులు కనిపిస్తుంటే మందు కొట్టకండి అని నేను ప్రతి రైతుకీ చెబుతుంటాను. తెల్లదోమ కార్చే జిగురు మీద పట్టే నల్లటి మసి చూసి కంగారుపడి కొడతారు, తెల్లదోమ కంటే ముందు ఇవి పోతాయి.

పాత గుమ్మం:
మీ నాయనమ్మగారి మాట కొట్టిపారేయకండి. వేదాంతంలో భ్రమరకీటక న్యాయం అని చెప్పేది అదే, కీటకం భ్రమరాన్నే తలుచుకుని తలుచుకుని భ్రమరం అయిపోతుందని. మా తాతగారి అరుగు మీద కూర్చుని నేనూ విన్నాను. పెద్దలు చూసింది నిజం: పచ్చపురుగు లోపలికెళ్లింది, కందిరీగ బయటికొచ్చింది, మట్టి మెత్తుతున్నంతసేపూ జుంయ్‌మని చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు ఒంటిని వణికించి మట్టిని సర్దడానికి. గొంగళ్లని పెట్టేది మీది కాదు, చిన్న కుండలా గూడు కట్టే ఇంకో రకం. అది ముందే గుడ్డుని గది లోపల సన్నటి పోగుతో వేలాడదీసి, ఆ తర్వాత పురుగుల్ని నింపుతుంది. పెద్దల కంట పడనిది ఆ ఒక్క గుడ్డే.

కౌశిక గట్టు:
అందరికీ థాంక్స్ అండి. నాయనమ్మకి చదివి వినిపించాను, గుడ్డు అనగానే "అలాగా, నేను మూత తీసి చూడలేదు కదా" అంది. గూటికి అడ్డంగా అట్టముక్క టేపుతో అతికించాను, ఒక పక్క మాత్రం తెరిచి ఉంచాను.

కౌశిక గట్టు:
ఐదు వారాలయింది. ఆరు గదుల్లో నాలుగింటికి చిల్లులు పడ్డాయి. పొద్దున పాపా నేనూ చూస్తుండగానే ఐదోదాంట్లోంచి ఒకటి వచ్చింది, కానీ కందిరీగ కాదు! నెమలి కంఠం రంగులో ధగధగా మెరుస్తోంది, ముట్టుకుంటే ఉండలా ముడుచుకుంది. ఏమిటండీ ఇది?

జువాలజీ మాస్టారు:
అదృష్టవంతులండీ! అది కోకిల కందిరీగ, క్రైసిడిడే కుటుంబం. తల్లి మట్టికోసం వెళ్లినప్పుడు గదిలోకి దూరి గుడ్డు పెట్టేస్తుంది, దాని పిల్ల ఆ ఇంటి బిడ్డని తినేసి పెరుగుతుంది. అసలు తల్లి పట్టుకుంటే అలా ఉండలా చుట్టుకుంటుంది, ఆ గట్టి పెంకులోకి ముల్లు దిగదు. దాన్ని కిటికీలోంచి వదిలేయండి. ఆరో గది ఇంకా మూసే ఉందా?