రెండు నెలలకోసారి తీసే పాత మారుతీ 800ని ఎలా కాపాడుకోవాలి?

కాకినాడ_800:
అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1998 మోడల్ మారుతీ 800 కాకినాడలో మా ఇంట్లో ఉంది. కార్బ్యురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) ఉన్న బండి. నాన్నగారు పోయాక దాన్ని అమ్మడం అమ్మకి ఇష్టం లేదు, నాకూ లేదు. నా ఉద్యోగం హైదరాబాద్‌లో. రెండు నెలలకోసారి వెళ్లినప్పుడే బయటికి తీస్తాను. మధ్యలో పక్కింటి అబ్బాయి వారానికోసారి వచ్చి స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు ఉంచి ఆపేస్తాడు. అయినా ఈసారి వెళ్లేసరికి బ్యాటరీ డౌన్, సైలెన్సర్‌కి తుప్పు, వెనక చక్రం ఒకటి పట్టేసి బండి కదల్లేదు. వారం వారం స్టార్ట్ చేస్తున్నా ఇలా ఎందుకు అవుతోంది? ఇలాంటి బండ్లు ఉన్నవాళ్లు మీరేం చేస్తున్నారో చెప్పండి.

బెజవాడ_గ్యారేజ్:
ముందు ఆ ఐదు నిమిషాల స్టార్టింగ్ ఆపించండి. ఆ అబ్బాయి మంచి మనసుతోనే చేస్తున్నాడు, కానీ బండి పాడవుతున్నది సగం దానివల్లే.

లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. అది ఆవిరై పొగతోపాటు బయటికి పోవాలి. ఇంజిన్, సైలెన్సర్ బాగా కాలితేనే పోతుంది. ఐదు నిమిషాల్లో సైలెన్సర్ వెనక భాగం సరిగ్గా వేడెక్కదు. ఆ తడంతా లోపలే ఉండిపోయి రేకుని లోపలినుంచి తినేస్తుంది. ఆయిల్ పోసే మూత తీసి చూడండి, లోపల మీగడలా తెల్లటి జిడ్డు పట్టి ఉంటే అదీ ఈ నీరే. పైగా చల్లటి ఇంజిన్‌కి చోక్ (గాలి తగ్గించి పెట్రోల్ ఎక్కువ అందించే మీట) వేసి స్టార్ట్ చేస్తారు కదా, ఎక్కువైన పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. బ్యాటరీ సంగతీ అంతే. స్టార్టర్ వాడుకున్న కరెంటుని, బండి కదలకుండా ఇంజిన్ మాత్రమే నడుస్తున్నప్పుడు (ఐడ్లింగ్‌లో) బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ సరిగా తిరిగి నింపలేదు. వారానికోసారి కొంచెం కొంచెం తగ్గుతూ చివరికి డౌన్ అయిపోతుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. బండి తీస్తే టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చాక ఇంకో అరగంటైనా రోడ్డు మీద నడపండి. అంత వీలు లేకపోతే అసలు స్టార్టే చేయొద్దు, ఎక్కువ రోజులు ఆపడానికి సిద్ధం చేసి పద్ధతిగా పడుకోబెట్టండి. ఈ రెంటికీ మధ్యలో చేసేదే బండిని తినేస్తుంది.

విశాఖ_పద్మిని:
బెజవాడ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నా దగ్గర ప్రీమియర్ పద్మిని ఉంది, సముద్రానికి దగ్గరలో ఇల్లు. మీ కాకినాడలోనూ ఇదే ఉప్పుగాలి కాబట్టి చెబుతున్నా.

బండి మీద ప్లాస్టిక్ పట్టా కప్పకండి. కిందనుంచి వచ్చే తడి పట్టా లోపల నిలిచిపోతుంది. గాలి ఆడే గుడ్డ కవర్ వాడండి, అదీ బండి కడిగి బాగా ఆరాకే. మారుతీ 800లో తుప్పు మొదలయ్యే చోట్లు నాకు తెలిసినంతవరకు మూడు: తలుపుల అడుగు అంచులు, బ్యాటరీ కూర్చునే ట్రే, కాళ్ల దగ్గర మ్యాట్ కింద ఫ్లోరు. మ్యాట్లు ఎత్తి చూడండి. కింద తడి ఉంటే ఎండ వచ్చే రోజు నాలుగు తలుపులూ తెరిచి ఆరబెట్టండి. తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న బెజ్జాలు ఉంటాయి, మట్టితో మూసుకుపోతే వాననీరు తలుపులోనే ఉంటుంది. సన్నటి తీగతో తీసేయొచ్చు.

మీ వెనక చక్రం పట్టేయడానికి హ్యాండ్‌బ్రేకే కారణం అయ్యుంటుంది. ఎక్కువ రోజులు ఆపేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేయకూడదు. డ్రమ్ముకి తుప్పు పట్టి బ్రేక్ షూ దానికి అతుక్కుపోతుంది. ఫస్ట్ గేరులో ఉంచి చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు పెట్టండి.

కాకినాడ_800:
అవునండీ, హ్యాండ్‌బ్రేక్ వేసే ఉంది. బ్యాటరీకి నెగటివ్ వైరు తీసేస్తే సరిపోతుందా?

విశాఖ_పద్మిని:
రెండు నెలలైతే సరిపోతుంది. 10 నంబర్ స్పానర్ ఉంటే చాలు. మీ బండికి 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ ఉంటుంది. స్టీరియో, అలారం లాంటివి కలిపి 30 మిల్లీ ఆంపియర్లు లాగుతున్నా నెలన్నరలో మొత్తం ఖాళీ. తీసేముందు ఫుల్ ఛార్జ్‌లో ఉండాలి, మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు చూపించాలి. 12.4 కంటే తగ్గితే ఛార్జింగ్ పెట్టించండి. డిశ్చార్జ్ అయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పట్టదు.

రావులపాలెం_చేతక్:
నాది కారు కాదు, బజాజ్ చేతక్. అయినా పెట్రోల్ గురించి చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. మన పాత బండ్లు తయారైనప్పుడు ఈ మాటే లేదు. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నీరూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకి దిగుతాయి, ఇంజిన్‌కి ముందు అందేది ఆ అడుగుదే. కార్బ్యురేటర్ గిన్నె విప్పితే తెల్లటి పొడి కనబడుతుంది. పాత రబ్బరు పైపులు ఉబ్బి, పగులుతాయి.

స్కూటర్‌కైతే సులువు. ఇంటి దగ్గరికి రాగానే పెట్రోల్ ట్యాప్ కట్టేసి, బండి దానంతట అది ఆగేదాకా నడవనిస్తా. కార్బ్యురేటర్ ఖాళీ అయిపోతుంది. నాలుగు నెలలు ఆపినా తర్వాత కిక్కుకి అందుకుంటుంది. మీ కారుకి ట్యాప్ లేదు కాబట్టి పెట్రోల్ పంపుకి వచ్చే పైపు తీసి, దాని మూతి బిగించి, ఇంజిన్ ఆగేదాకా నడపాలి. పెట్రోల్ పని కాబట్టి మెకానిక్‌తోనే చేయించండి. ఆ చేత్తోనే పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయించేయండి. పైపు కారి నిప్పు అంటుకుంటే బండే ఉండదు.

ట్యాంకులో మాత్రం తక్కువ పెట్రోల్ ఉంచండి. వెళ్లినప్పుడు కొత్తది పోసుకోవచ్చు.

గుంటూరు_మిచిగన్:
ఆ చివరి మాటతో నేను ఒప్పుకోలేను అన్నా. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలో తేమగాలి చేరుతుంది, రాత్రి చల్లబడ్డప్పుడు రేకు లోపల చెమ్మ పడుతుంది. ట్యాంకు తుప్పు అక్కడే మొదలు. అమెరికాలో నేనుండే మిచిగన్‌లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అందుకని పాత కార్లున్నవాళ్లు చలి మొదలవగానే లోపల పెట్టి వసంతంలో తీస్తారు. వాళ్లంతా చేసేది ట్యాంకు నిండా నింపి, పెట్రోల్ చెడకుండా స్టెబిలైజర్ కలిపి, అది కార్బ్యురేటర్ దాకా చేరేలా కొంచెం దూరం నడిపి అప్పుడు ఆపడం. గుంటూరులో మా మామగారి అంబాసిడర్‌కి నేను ఏడాదికోసారి వెళ్లినప్పుడు, తిరిగొచ్చే ముందు అలాగే చేస్తాను.

ఇంకో సంగతి. ఇంజిన్ ఆయిల్‌ని బండి ఆపేముందు మార్చాలి, మళ్లీ బయటికి తీసేముందు కాదు. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు, తేమ ఉంటాయి, అవి నెలల తరబడి బేరింగులకి అంటుకుని ఉండకూడదు.

రావులపాలెం_చేతక్:
మీరు ఏడాది పాటు ఆపుతారు కాబట్టి అది సరే. రెండు నెలలకోసారి నడిపే బండికి 28 లీటర్ల ట్యాంకు నింపితే ఆ పెట్రోల్ ఎప్పటికి అవుతుంది? ఏడాది పాతదాన్నే కాలుస్తూ ఉండాలి.

బెజవాడ_గ్యారేజ్:
ఇద్దరి మాటా నిజమే, ఎన్నాళ్లు ఆపుతారన్నదాన్ని బట్టి. కాకినాడ గారి పద్ధతికి సగం ట్యాంకు పెట్టుకుని, వచ్చినప్పుడల్లా అన్నవరం దాకానో సామర్లకోట దాకానో వెళ్లి ఖర్చుపెట్టి కొత్తది పోయడం మంచిది. ఆరు నెలలు దాటి ఆపేదైతే నిండా నింపండి.

తణుకు_రైతు:
ఎలుకల సంగతి ఎవరూ ఎత్తలేదు! వరి కోతలు అవ్వగానే చేలల్లో ఎలుకలన్నీ ఊళ్లోకి వస్తాయి. మా షెడ్డులో ఉన్న జీపుకి ఎయిర్ క్లీనర్ డబ్బాలో గూడు పెట్టేశాయి. పొగాకు కాడలు, కలరా ఉండలు వేస్తే కొన్నాళ్లు పనిచేస్తాయి, వాసన పోగానే మళ్లీ మార్చాలి. గట్టి మందు ఏమిటంటే ఎయిర్ క్లీనర్ గొట్టం మూతికి సన్న ఇనుప జాలీ. ఎలుకలకి చీకటి కావాలి కాబట్టి మేం బానెట్ ఎత్తి ఉంచుతాం. మీది అమ్మగారొక్కరే ఉండే ఇల్లు కదా, వీలైతేనే చేయండి. స్టార్ట్ చేసేముందు మాత్రం బానెట్ ఎత్తి వైర్లు, బెల్టు చూసుకోకుండా తాళం తిప్పొద్దు.

వరంగల్_ఆర్సీ:
కాగితాలు కూడా చూసుకోండి. 1998 బండి అంటే 15 ఏళ్లకి 2013లో, తర్వాత ఐదేళ్లకోసారి ఆర్సీ (రిజిస్ట్రేషన్) రెన్యూవల్ అయ్యుండాలి, మళ్లీ 2028లో వస్తుంది. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కార్లకి రెన్యూవల్ ఫీజు 10,000 రూపాయలు. గ్రీన్ ట్యాక్స్ వేరే. గడువు దాటితే నెలకి 500 చొప్పున పెరుగుతుంది, కాబట్టి గడువుకి ముందున్న 60 రోజుల్లోనే ఫారం 25 (రెన్యూవల్ దరఖాస్తు) పెట్టేయండి. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పాత పెట్రోల్ బండ్ల మీద పెట్టిన నిషేధం మన దగ్గర లేదు, ఆ టెన్షన్ వద్దు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ లేకుండా మాత్రం సామర్లకోట దాకా కూడా తీయకండి.

కాకినాడ_800:
అందరికీ చాలా థాంక్స్. ఆర్సీ 2028 దాకా ఉంది. టైర్లు చూడ్డానికి కొత్తగానే ఉన్నాయి, టైమింగ్ బెల్టు (ఇంజిన్ వాల్వులని సమయానికి తిప్పే రబ్బరు బెల్టు) ఎప్పుడు మార్చారో తెలియదు. వచ్చే నెల వెళ్తున్నా, ముందు ఏం చేయించాలి?

బెజవాడ_గ్యారేజ్:
టైర్ పక్కన డాట్ అని ఉన్నచోట చివరి నాలుగు అంకెలు చూడండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం. పదేళ్లు దాటితే టైరు మీది గాడులు ఎంత లోతుగా ఉన్నా మార్చేయాల్సిందే. బెల్టూ రబ్బరే, కిలోమీటర్లు తిరగకపోయినా ముదురుతుంది. ఎప్పుడు మార్చారో తెలియదంటే మార్చేయడమే. రేడియేటర్‌లో ఉత్త నీళ్లుంటే తీయించి కూలెంట్ పోయించండి.

వీటన్నిటికంటే ముందు బ్రేకులు. బ్రేక్ ఆయిల్ కూడా తేమని పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. వెనక డ్రమ్ములు విప్పినప్పుడు, బ్రేక్ షూలని నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు మూతలు ఎత్తి చూడమనండి. లోపల తడి ఉంటే సిలిండర్ కారుతున్నట్టే. ఒకవైపే పాడైనా రెండువైపులా మార్పించండి, లేకపోతే బ్రేక్ వేసినప్పుడు బండి పక్కకి లాగుతుంది.