బాటిల్‌బ్రష్ ఈసారి పూయలేదు, నేనేం తప్పు చేశాను?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మేం మెల్‌బోర్న్‌లో ఉంటాం. పెరట్లో కంచె పక్కన పాత బాటిల్‌బ్రష్ పొద ఉంది. ఏటా అక్టోబరులో ఎర్రగా విరగబూసేది, తెల్లారేసరికి లోరికీట్ చిలకలు వచ్చి వాలేవి. ఇప్పుడు నవంబరు వచ్చినా ఒక్క పువ్వూ లేదు. ఇక్కడ చలికాలమైన జులైలో నేనే గుండ్రంగా కత్తిరించి, కోళ్ల ఎరువు గట్టిగా వేశాను. చచ్చిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ముదురు కొమ్మల చుట్టూ గట్టి పూసల్లాంటివి అతుక్కుని ఉన్నాయి. పురుగు గుడ్లా అవి?

జవాబు: చావదండీ, కంగారుపడకండి. ఈ మొక్క కొమ్మ చివరే పూస్తుంది. చలికాలంలో చివర్లన్నీ కోసేశారు కాబట్టి పూత పోయింది, అంతే. కత్తెర పట్టాల్సింది పూలు వాడిన వెంటనే. వాడిన పువ్వుకి కాస్త కింద, ఆకులున్న చోట కోయండి. ఆకుల్లేని ముదురు కొమ్మలు కొన్నిసార్లు చిగురించడానికి మొరాయిస్తాయి.

ఆ పూసలు గుడ్లు కావు, కాయలు. పూసిన చోటే ఆగకుండా కొమ్మ ఆ పువ్వు కొసలోంచే ముందుకు సాగుతుంది. అందుకే పాత పూత కాయలు కొమ్మ మధ్యలో గుత్తులుగా మిగిలిపోతాయి. లోపల ధూళిలాంటి విత్తనాలుంటాయి. కొమ్మ ఎండినా, మంటల్లో కాలినా కాయ విచ్చుకుని అవి రాలతాయి. నాకు ఈ మొక్కలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే, దయచేసి వాటిని గీకేయకండి.

ప్రశ్న: హమ్మయ్య! మరి ఎరువు? గులాబీలకు వేసేదే వేయొచ్చా?

జవాబు: వద్దు అక్కా. బాటిల్‌బ్రష్ ఆస్ట్రేలియా మొక్కే. ఆస్ట్రేలియా నేలల్లో ఫాస్ఫరస్ (భాస్వరం) తక్కువ, అక్కడి మొక్కలు దానికే అలవాటుపడ్డాయి. నర్సరీలో నేటివ్ (స్థానిక) మొక్కల ఎరువని అడిగితే ఫాస్ఫరస్ తక్కువున్నది ఇస్తారు. ఏడాదికోసారి కొంచెం చాలు. కోళ్ల ఎరువులో ఫాస్ఫరస్ ఎక్కువ, అది ఇక ఆపేయండి.

ఇంకొకటి. ఇది మన జామ, నేరేడు కుటుంబమే. ఈ కుటుంబానికి పట్టే మిర్టిల్ రస్ట్ అనే తెగులు 2010లో ఆస్ట్రేలియాలో బయటపడింది. లేత చిగుళ్ల మీద పసుపు చల్లినట్టు పొడి కనిపిస్తే చేత్తో దులపకండి, అవే బట్టలతో ఇంకో మొక్క దగ్గరికి వెళ్లకండి.

ప్రశ్న: ఇప్పుడే చూసొచ్చాను, పొడి లేదు. చిగుళ్లు గులాబీ రంగులో మెత్తగా ఉన్నాయి.

జవాబు: అయితే ఆరోగ్యంగానే ఉంది. ఇక కత్తెర ముట్టకండి. కొన్ని రకాలు మార్చి, ఏప్రిల్‌లో కూడా పూస్తాయి, చూస్తూ ఉండండి.