అంబాసిడర్ 1489 పెట్రోల్: వేడెక్కాక స్లో (ఖాళీగా తిరిగే వేగం) నిలబడటం లేదు. టైమింగా, కార్బ్యురేటరా?

మార్క్4_గుంటూరు:
అందరికీ నమస్కారం. మా నాన్నగారి అంబాసిడర్ మార్క్ 4, పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, సోలెక్స్ కార్బ్యురేటర్. పొద్దున్నే చోక్ లాగితే వెంటనే స్టార్ట్ అవుతుంది. వేడెక్కాక మాత్రం సిగ్నల్ దగ్గర వణికి ఆగిపోయేది. మెకానిక్ స్లో స్క్రూ బిగించి రేజింగ్ పెంచాడు. ఇప్పుడు ఆగడం లేదు గానీ, తాళం తిప్పేశాక కూడా కాసేపు కొట్టుకుని ఆగుతోంది. లాగుడు తగ్గింది, ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకెక్కుతోంది. కార్బ్యురేటర్ మార్చేయమంటున్నారు. మార్చాలా?

పద్మిని_వైజాగ్:
అప్పుడే మార్చొద్దండి. ముందు గాలి ఎక్కడైనా లాగుతోందేమో చూడండి. మా పద్మిని కారులో థ్రాటిల్ స్పిండిల్ (కార్బ్యురేటర్ గాలి తలుపు తిరిగే ఇరుసు) అరిగి పక్కనుంచి గాలి లాగేది, ఏ స్క్రూ తిప్పినా లాభం ఉండేది కాదు. ఇంజిన్ ఆపి స్పిండిల్‌ను పైకీ కిందికీ కదపండి, ఆట (వదులు) ఉంటే చేతికే తెలుస్తుంది.

బెజవాడ_పాతబండి:
తమ్ముడూ, నువ్వు చెప్పినవన్నీ టైమింగ్ (ప్లగ్ స్పార్క్ ఇచ్చే సమయం) వెనకబడిన లక్షణాలే. స్పార్క్ ఆలస్యమైతే మంట సైలెన్సర్ వైపు పోతుంది. వేడి పెరుగుతుంది, లాగుడు పోతుంది, స్లో పడిపోతుంది. పడిపోయిన స్లోను స్క్రూతో పైకి లేపితే థ్రాటిల్ తెరిచే ఉంటుంది. తాళం తీసినా ఆ సందులోంచి పెట్రోల్-గాలి మిశ్రమం లోపలికి వెళ్లి, వేడికి తనంతట తానే అంటుకుంటుంది. అందుకే ఆ కొట్టుకోవడం.

వరుస ముఖ్యం. టాపెట్లు (వాల్వుల సందు), ప్లగ్గులు, తర్వాత సీబీ పాయింట్ (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో, కరెంటు తెంచి స్పార్క్ పుట్టించే స్విచ్) గ్యాప్, ఆ తర్వాత టైమింగ్, అన్నిటికంటే చివర కార్బ్యురేటర్. గ్యాప్ మారితే పాయింట్ తెరుచుకునే సమయమే మారుతుంది, కాబట్టి టైమింగ్ పెట్టాక గ్యాప్ ముట్టుకుంటే పనంతా మళ్లీ మొదటికే. లూకాస్ డిస్ట్రిబ్యూటర్ అయితే 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు.

టైమింగ్‌కు 12 వోల్టుల బల్బు చాలు. ఒక వైరు డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న సన్న వైరు టెర్మినల్‌కు, ఇంకోటి బాడీకి. ప్లగ్గులు తీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, హ్యాండిల్‌తో ఇంజిన్‌ను తిరిగే వైపే మెల్లగా తిప్పు. పాయింట్ విడిపోయిన క్షణంలో బల్బు వెలుగుతుంది. ఆ క్షణంలో పుల్లీ మీది గాడి టైమింగ్ కవర్ ముళ్లలో దేనికి ఎదురుగా ఉందో చూడు. పొడవు ముల్లు టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు), మిగతావి దానికి ముందు 5, 10 డిగ్రీలు. మసి తుడిచి గాడిలో సుద్దముక్క రుద్దితే కనపడుతుంది. దాటిపోతే బాగా వెనక్కి తెచ్చి మళ్లీ ముందుకు రా, లేకపోతే చెయిన్ వదులు లెక్క చెడగొడుతుంది. 5 దగ్గర మొదలుపెట్టు. డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటర్ అపసవ్యంగా తిరుగుతుంది కాబట్టి, డిస్ట్రిబ్యూటర్ బాడీని సవ్యంగా తిప్పితే అడ్వాన్స్ (స్పార్క్ ముందుకు జరగడం).

ఎంజీబీ_డల్లాస్:
అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నా దగ్గరున్న ఎంజీబీ కారుది కూడా మీ అంబాసిడర్ లాగే బీఎంసీ బీ సిరీస్ ఇంజిన్ కుటుంబం, 1798 సీసీ. నేను స్ట్రోబ్ లైట్ (స్పార్క్ పడినప్పుడల్లా మెరిసే లైట్) వాడతాను. ఒక జాగ్రత్త: స్లో ఎక్కువగా ఉంటే డిస్ట్రిబ్యూటర్‌లో వేగాన్ని బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపే బరువులు అప్పటికే విచ్చుకుని ఉంటాయి. లైట్‌లో అడ్వాన్స్ ఎక్కువ కనిపిస్తుంది, దాన్ని చూసి మీరు ఇంకా వెనక్కి తిప్పేస్తారు. ముందు స్లో దించండి, డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ గొట్టం తీసి మూసేయండి, అప్పుడు కొలవండి.

హైదరాబాద్_ల్యాండ్‌మాస్టర్:
చెవితో విని టైమింగ్ పెట్టేవాళ్లను తక్కువ చేయకండి. మా పెద్దాయన వినే పెడతాడు, ఏ బండీ తిరిగి రాలేదు. ఇంకో మాట: ఈ20 పెట్రోల్‌లో (20 శాతం ఇథనాల్ కలిపినది) ఇథనాల్ వల్ల పాత జెట్లతో (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ వదిలే సన్న రంధ్రాలు) మిశ్రమం పలచనవుతుంది. స్లో వణకడానికి అదీ ఒక కారణం. పంపు డయాఫ్రమ్, రబ్బరు గొట్టాలు కూడా చూసుకోండి.

బెజవాడ_పాతబండి:
చెవి మంచిదే, కానీ ఇంజిన్ ఖాళీగా తిరిగేటప్పుడు ఎంత అడ్వాన్స్ ఇచ్చినా హాయిగానే వినిపిస్తుంది. నిజం లోడ్ మీదే బయటపడుతుంది. టాప్ గేర్‌లో గంటకు 40 కిలోమీటర్ల దగ్గర ఫ్లైఓవర్ ఎక్కిస్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. టకటక నాకింగ్ కొనసాగితే కొంచెం వెనక్కి.

మార్క్4_గుంటూరు:
ఆదివారం కూర్చుని చేశాం. గ్యాప్ బాగా మూసుకుపోయి ఉంది. సరిచేశాక కూడా బల్బు టీడీసీ దాటాకే వెలిగింది! 5కు తెచ్చేసరికి స్లో దానంతటదే పెరిగిపోయింది. స్లో స్క్రూ వదులు చేసి, మిశ్రమం స్క్రూను నున్నగా తిరిగే చోట వదిలి, నిమిషానికి 700 చుట్ల దగ్గర ఆపాం. తాళం తీస్తే వెంటనే ఆగుతోంది. అందరికీ చాలా థ్యాంక్స్. రోటర్ పట్టుకుని పక్కకు కదిపితే మాత్రం ఆట తెలుస్తోంది. వదిలేయొచ్చా అన్నా?

బెజవాడ_పాతబండి:
వదలొద్దు. రోటర్ షాఫ్ట్ ఊగితే పాయింట్ గ్యాప్ ఒక్కో సిలిండర్‌కు ఒక్కోలా మారుతుంది. డిస్ట్రిబ్యూటర్ పట్టుకుని మా ఆటోనగర్ రా, షాఫ్ట్ కొలిచి బుష్ లేత్ మీద తీయిద్దాం. విప్పే ముందు రోటర్ ఎటు చూస్తోందో బ్లాక్ మీద గీత పెట్టుకో.

పద్మిని_వైజాగ్:
ఫోటో కూడా తీసుకోండి. హెచ్‌టీ వైర్ల (ప్లగ్గులకు వెళ్లే లావు వైర్లు) వరుస 1-3-4-2, క్యాప్ మీద అపసవ్యంగా.