అప్‌డేట్: ఒక్కో కస్టమర్ చివరి ఆర్డర్ తెచ్చే క్వెరీ (తేలింది)

పోస్ట్‌గ్రెస్ 15 డేటాబేస్‌లో ఒక్కో కస్టమర్ చివరి ఆర్డర్ మాత్రమే కావాలి, సబ్‌క్వెరీ (క్వెరీ లోపల క్వెరీ), సీటీఈ (WITHతో పేరు పెట్టి ముందే రాసుకునే క్వెరీ), విండో ఫంక్షన్ (వరసలను గుంపులుగా చూసి లెక్క వేసేది), వీటిలో ఏది వాడాలి అని అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

చివరికి పనిచేసింది లాటరల్ జాయిన్ (ఒక్కో కస్టమర్‌కి లోపలి క్వెరీని విడిగా నడిపే జాయిన్). మా దగ్గర కస్టమర్లు 900 మందే, ఆర్డర్లు మాత్రం 60 లక్షలు. రో_నంబర్ (వరసలకి నంబర్లు వేసే విండో ఫంక్షన్) సరైన జవాబే ఇచ్చింది, కానీ ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ (క్వెరీ నిజంగా ఎలా నడిచిందో చూపే కమాండ్) చూస్తే టేబుల్ మొత్తం చదివి నంబర్లు వేసి, ఒకటో నంబర్ తప్ప మిగతావన్నీ పారేస్తోంది. లాటరల్ లోపల ఆర్డర్ బై (సార్ట్ చేసేది), లిమిట్ 1 (ఒక్క వరసే తెచ్చేది) పెట్టి, కస్టమర్ ఐడీ, తేదీ, ఆర్డర్ ఐడీ మూడూ కలిపి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సార్ట్ చేసి ఉంచే జాబితా) వేశాక ఒక్కో కస్టమర్‌కి ఒక్కసారి ఇండెక్స్‌లో చూసి ఆగిపోతోంది. ఇండెక్స్ లేకుండా ప్రయత్నించకండి, ఇంకా ఘోరంగా ఉంటుంది.

మొదట లెఫ్ట్ జాయిన్ లాటరల్ బదులు క్రాస్ జాయిన్ లాటరల్ రాశాను. ఒక్క ఆర్డరూ లేని కస్టమర్లు మాయమయ్యారు! కాసేపు టెన్షన్.

నా పాత క్వెరీలో డూప్లికేట్లు ఎందుకొచ్చాయో కూడా తెలిసింది. మ్యాక్స్ తేదీతో పోలుస్తున్నా కదా, ఒకే తేదీన రెండు ఆర్డర్లుంటే రెండూ వచ్చేవి. ఇప్పుడు తేదీ తర్వాత ఆర్డర్ ఐడీతో కూడా సార్ట్ చేస్తున్నా.

సీటీఈ వాడాలా వద్దా అన్న గొడవ అనవసరం. ఒక్కసారే వాడిన మామూలు సీటీఈని వెర్షన్ 12 నుంచి ప్లానర్ (క్వెరీ ఎలా నడపాలో నిర్ణయించే భాగం) మెయిన్ క్వెరీలోనే కలిపేస్తుంది. వర్క్_మెమ్ (సార్టింగ్ లాంటి పనులకిచ్చే మెమరీ సెట్టింగ్) పెంచినా నా కేసులో తేడా రాలేదు.